అమ్మాజీగారి గొంతుతో నేను చేసిన అద్భుతం

నవంబరు 24, సోమవారం

కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఎనిమిదేళ్లుగా ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో పదిమంది మధ్య నిలబడి "అయ్యో అయ్యో", "పట్టుకోండి వాణ్ణి" అని అరుస్తూ బతికిన ఈ నవత ఈ రోజు మైకు ముందు ఒక్కతే నిలబడింది. హీరోయిన్ గొంతుకు టెస్టు! మూడు సీన్లు చెప్పించారు. ఏడుపు సీను అయ్యేసరికి డబ్బింగ్ ఇన్‌చార్జ్ మౌళిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జలుబు చేసిందని తర్వాత అన్నారు గానీ నేను నమ్మలేదు.

ఫలితం తెలియడానికి రెండు వారాలు పడుతుందట.

ఇంటికి రాగానే మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, ఈ గొంతు నాకు ఇప్పించు, నలభై రోజులు నీ సేవ చేస్తాను" అని మొక్కుకున్నాను. ముప్పై అందామనుకున్నాను. బేరం మరీ చౌకగా ఉంటే బాగుండదని నలభై చేశాను. సేవ ఇప్పుడే మొదలుపెట్టేస్తాను. ముందే చేసేస్తే ఆయనకూ కాస్త మొహమాటం ఉంటుంది కదా.

నవంబరు 26, బుధవారం

మా మందిరంలో జరిగిన స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు సాయం కావలసినవాళ్ల పేర్లు మూడు చదివారు. యూసుఫ్‌గూడలో మంచం పట్టిన తాతగారు. కవలల్ని కని నిద్రలేకుండా ఉన్న హిమజ. రహమత్ నగర్లో ఒంటరిగా ఉంటున్న అమ్మాజీగారు.

అమ్మాజీగారంటే ఒకప్పుడు తెలుగు సినిమా తల్లుల గొంతు. తెర మీద ఎవరు ఏడ్చినా వెనక ఏడ్చింది ఆవిడే. మూడేళ్ల క్రితం క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మాట లేదు.

కళ్లు మూసుకుని ప్రార్థించాను. మనసులోకి అమ్మాజీగారి పేరే వచ్చింది. ఇది దేవుని నడిపింపు కాక మరేమిటి? నేను టెస్టు ఇచ్చిన సినిమా నిర్మాత ఆవిణ్ణి ఇప్పటికీ "అక్కా" అని పిలుస్తాడన్న సంగతి నాకు ఆ తర్వాతే గుర్తొచ్చింది. దాదాపు ఆ తర్వాతే.

నవంబరు 27, గురువారం. సేవ, మొదటి రోజు

మేడ మీద ఒక గది, ఒక వంటిల్లు. కిటికీకి అప్పుడే క్రిస్మస్ స్టార్ కట్టేసింది. గొంతు దగ్గర రంధ్రం మీద తెల్లటి నూలుగుడ్డ. చేతిలో చిన్నపిల్లల పలక, బలపం. పలక మీద ఒకసారి తడితే ఔను, రెండుసార్లు తడితే కాదు.

నేను నోరు పెద్దగా తెరిచి, గట్టిగా, "ఆం...టీ, నా పేరు న...వ...త" అన్నాను.

"పోయింది గొంతు. చెవులు కాదు" అని రాసింది.

"బైబిల్ వాక్యం చదివి వినిపించనా ఆంటీ?" టక్ టక్. "పోనీ పాట పాడనా?" టక్ టక్. "మరేం చెయ్యమంటారు?"

"బాత్రూం కడుగు."

సేవ అంటే నా మనసులో ఉన్న బొమ్మ వేరు. అందులో నేను తెల్ల చీర కట్టుకుని ఉన్నాను.

నవంబరు 28

నడుము పట్టేసింది. ప్రభువా, గమనిస్తున్నావు కదా.

నవంబరు 29, శనివారం. మూడో రోజు

కూరగాయలకి ఆవిడతో వెళ్లాను. తను రాస్తుంది, నేను చదవాలి. "వంకాయలు ముదిరిపోయాయి, నిన్నటివి కూడా ఉన్నాయి ఇందులో" అని రాసింది. నేను బండివాడితో, "అన్నా, కొంచెం లేతవి ఉన్నాయా?" అన్నాను. టక్ టక్! తలెత్తితే ఉరిమి చూస్తోంది. పలక తుడిచి రాసింది: "డైలాగు మార్చకు. నీకు నచ్చింది చెప్పడానికి కాదు నువ్వొచ్చింది."

సరేనని ఉన్నది ఉన్నట్టు చదివాను. బండివాడు లేతవి తీసిచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు నిర్మాతగారి మాట మెల్లగా కదిపాను. ఒక్క మాట చెబితే చాలని. "ముందు టీ పెట్టు" అని రాసింది. టీ అయ్యాక మళ్లీ కదిపాను. ఈసారి ఆవిడే ఒకటి అడిగింది. రాజోలులో అక్క ఉందట, రాహేలమ్మగారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంది. అక్కకి చదువు రాదు, కాబట్టి మెసేజీలు పెట్టడానికి లేదు. మూడేళ్లుగా అక్క అడుగుతుంటే ఈవిడ ఫోన్ మీద వేలితో తడుతోంది, అంతే. "ఆదివారం ఆరింటికి రా. నేను రాసింది అక్కకి చదివి వినిపించు."

"అయ్యో, దానికేం ఆంటీ, తప్పకుండా!" అన్నాను.

నవంబరు 30, ఆదివారం

వెళ్లలేదు. సాయంత్రం గ్రూప్ డబ్బింగ్ ఉంది. లేదు, ఉండొచ్చని చెప్పారు. ఇంట్లోనే ఉన్నాను.

డిసెంబరు 4, గురువారం. ఎనిమిదో రోజు

ఈ వారమంతా ఆవిడ పాత సినిమాలు నా ఫోన్లో చూస్తున్నాం. నాకు తెలియనే తెలియదు, ఆ గొంతులో ఎంత తమాషా ఉందో! "నాయనా" అనేటప్పుడు మొదటి అక్షరం ముందు చిన్న గాలి వదులుతుంది. కోపం వస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది. ఇంటికొచ్చి అద్దం ముందు గంటసేపు ఆవిడ గొంతుతో మాట్లాడాను. "నాయనా, అన్నం తిన్నావా?" "నవతా, నువ్వు చాలా గొప్పదానివే తల్లీ." పక్కవాటా వాళ్లు మా ఇంటికి చుట్టాలొచ్చారనుకున్నారు!

డిసెంబరు 7, ఆదివారం

మౌళిగారి అబ్బాయి పుట్టినరోజు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర హోటల్లో. ఇలాంటి సమయంలో నలుగురికీ కనబడాలి. ఆరింటికి కేక్ కోశారు. అప్పుడు గుర్తొచ్చింది. వచ్చే ఆదివారం తప్పకుండా.

డిసెంబరు 9, మంగళవారం. పదమూడో రోజు

ఏం చేశానో రాస్తాను. రాస్తే గానీ నవ్వు ఆగేలా లేదు, భయం కూడా.

మధ్యాహ్నం మూడింటికి అమ్మాజీ ఆంటీ పడుకుంది. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ఆవిడ ఫోన్ మోగింది. నిద్ర చెడుతుందని తడిచేత్తోనే ఎత్తాను. "అమ్మాజీ, ఏమే, నాలుగు రోజుల్నుంచి నువ్వు కల్లోకి వస్తున్నావు, బాగున్నావా?" అంది అవతల రాహేలమ్మగారు.

నేను నవతనండి అని చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి తోడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "అక్కా, బాగున్నాను అక్కా" అని. ఆవిడ గొంతు! ముందున్న చిన్న గాలితో సహా!

అవతల ఒక కేక. "అమ్మాజీ! నీ గొంతే! స్తోత్రం తండ్రీ, స్తోత్రం! ఒరేయ్ సాయీ, ఇలా రారా, పిన్ని మాట్లాడుతోంది, అద్భుతం జరిగింది రా!"

ఎనిమిదేళ్లలో నా పనికి ఎవరూ ఇలా కేక పెట్టలేదు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కానీ ఇంకా రెండు ముక్కలు వినాలనిపించింది. "డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నాడక్కా" అని కూడా నేనే అన్నాను. ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. పెట్టేసే ముందు, "ఇంకొక్కసారి అక్కా అనవే" అంది. అన్నాను.

ఒక పెద్దావిణ్ణి సంతోషపెట్టాను. దీన్ని సేవ అనరా?

డిసెంబరు 10

అనరేమో.

డిసెంబరు 11, గురువారం. పదిహేనో రోజు

హీరోయిన్ గొంతు వేరే అమ్మాయికి ఇచ్చేశారు. మౌళిగారు మెసేజ్ పెట్టారు. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

గంటసేపు ఏడ్చాను. నిజం ఏడుపు ఏమీ బాగుండదు, ముక్కు కారుతుంది. తర్వాత లేచి కూర్చుని ఆలోచించాను. దేవుడు తన వంతు చెయ్యలేదు కాబట్టి నా మొక్కు కూడా రద్దే. రేపటి నుంచి రహమత్ నగర్ వెళ్లక్కర్లేదు. హాయి.

కానీ అమ్మాజీ ఆంటీ ఇంట్లో టీ పొడి అయిపోయింది. నేనే తెస్తానని చెప్పి ఉన్నాను. అందుకని వెళ్లాను. టీ పొడి కోసమే. అక్కడికి వెళ్లాక బాత్రూం కూడా కడిగాను. ఎలాగూ వెళ్లాను కదా అని.

నా మొహం చూసి ఆవిడ పలక మీద ఏమీ రాయలేదు. ఈసారి టీ తనే పెట్టింది.

డిసెంబరు 12, శుక్రవారం

చచ్చాను!

ఉపవాస కూడికలో పాస్టర్ గారు మైకు ముందుకొచ్చి, రాజోలు సంఘం నుంచి ఫోన్ వచ్చిందన్నారు. "మన అమ్మాజీ సిస్టర్‌కి ప్రభువు స్వరం తిరిగి ఇచ్చాడు! ఇరవై ఒకటో తారీఖు మన సెమీ క్రిస్మస్‌కి వాళ్లక్కగారు, మరో పదముగ్గురు టెంపో కట్టించుకుని వస్తున్నారు. ఆ రోజు సిస్టర్ సాక్ష్యం చెబుతారు. డాక్టరు మాట్లాడొద్దన్నాడట, అందుకని అప్పటిదాకా ఎవరూ వెళ్లి ఆవిణ్ణి కదిలించొద్దు!"

మందిరం మొత్తం చప్పట్లు, తంబూరా, డోలక్. అందరూ లేచి హల్లెలూయ అంటుంటే నేను కూడా లేచి చప్పట్లు కొట్టాను. అలవాటు కొద్దీ అందరికంటే గట్టిగా కొట్టాను. పాస్టరమ్మగారు నన్ను కౌగిలించుకుని, "నీ సేవ ఫలించింది నవతా" అన్నారు.

చలికాలం దుమ్ము గొంతులోని రంధ్రానికి పడదని అమ్మాజీ ఆంటీ మామూలు రోజుల్లో మందిరానికి రాదు. తనకి జరిగిన అద్భుతం సంగతి ఈ లోకంలో తెలియనిది ఆవిడకొక్కదానికే.

డిసెంబరు 14, ఆదివారం

ఈ సాయంత్రం వెళ్లాను. ఆరింటికి ఐదు నిమిషాల ముందు ఛార్జింగ్ చూస్తానని ఆవిడ ఫోన్ తీసుకుని, ఆవిడ చూడకుండా స్విచ్ ఆఫ్ చేసి తిరిగి ఇచ్చాను. అక్క మాట్లాడితే నా బండారం బయటపడుతుంది కదా.

ఆవిడ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన పలక. ఈసారి నేను వచ్చానని ఎంత సంబరమో. పలక మీద ముందే రాసి పెట్టుకుంది: "అక్కా, నీ మోకాలు ఎలా ఉంది?"

ఏడయింది. ఎనిమిదయింది. ఫోన్ మోగలేదు. పలక తుడవనూ లేదు.

నేను దుర్మార్గురాలిని. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

డిసెంబరు 16

మౌళిగారు ఫోన్ చేశారు. "అమ్మాజీగారికి గొంతు వచ్చేసిందట కదా! హీరో నాయనమ్మ పాత్రకి ఆవిణ్ణే అడుగుదాం అంటున్నారు డైరెక్టరు గారు. నువ్వక్కడికి వెళ్తుంటావట, కొంచెం చెప్పు." అబద్ధానికి కాళ్లు లేవంటారు. ఇది రహమత్ నగర్ నుంచి ఫిల్మ్ నగర్‌కి నాకంటే ముందొచ్చింది!

డిసెంబరు 17, బుధవారం

ఆంటీని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో రామలింగంగారిది. ఈ రోజు నన్నొక్కదాన్నే దింపుతున్నాడు. శ్రీనగర్ కాలనీ దాటేసరికి వెనక్కి తిరిగి, "ఏందమ్మా గిట్ల పరేషాన్ ఉన్నవ్? రోజూ లొడలొడ మాట్లాడుతవు, ఇయ్యాల సప్పుడే లేదు" అన్నాడు. మొత్తం చెప్పేశాను.

ఆటో పక్కకి ఆపి నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "టెంపో ఎన్నడొస్తది?" అన్నాడు.

"ఆదివారం."

"మరింక గీడ నాకెందుకు చెప్తున్నవ్? పోయి ఆ పెద్దమ్మకు చెప్పు. ఫికర్ జేస్తే టెంపో ఆగుతదా?"

డిసెంబరు 19, శుక్రవారం

చెప్పాను.

నిలబడే చెప్పాను. ఫోన్ ఎత్తడం, గొంతు మార్చడం, రాజోలు, టెంపో, సాక్ష్యం, ఆదివారం స్విచ్ ఆఫ్ చేయడం. నిర్మాత కోసమే తన పేరు ఎంచుకున్నానని కూడా చెప్పాను. అది అడగలేదు, అయినా చెప్పాను. మొదలుపెట్టాక ఆపడం రాలేదు.

ఆవిడ పలక నా మీదకి విసిరింది. తలుపుకి తగిలి ఒక మూల విరిగింది.

గోడవైపు తిరిగి కూర్చుంది. నేను విరిగిన పలక తీసుకొచ్చి పక్కన పెట్టి, చెప్పుల దగ్గర నిలబడ్డాను. పొమ్మంటే పోదామని. చివరికి బలపం తీసుకుంది.

"అక్క ఏమంది?"

చెప్పాను. కేక పెట్టిందని, ఏడుస్తూ నవ్విందని, ఇంకొక్కసారి అక్కా అనమందని.

ఆవిడ కళ్లు నిండిపోయాయి. తుడుచుకుని, "ఎలా అన్నావు? అను" అని రాసింది.

వణుకుతూ అన్నాను. "అక్కా..."

టక్ టక్! "నా గొంతు అంత వణకదు. ఓవరాక్షన్."

ఇంత జరుగుతుంటే, దేవుడా, నాకు నవ్వొచ్చేసింది. ఆవిడకి రాలేదు. పలక తుడిచి నిదానంగా రాసింది: "ఆదివారం అందరి ముందు అక్కకి చెప్పు. నా గొంతుతో కాదు. నీ గొంతుతో."

డిసెంబరు 20

పాస్టర్ గారికి ఈ రాత్రే ఫోన్ చేసి మెల్లగా సర్దేస్తే? లేదా జ్వరం వస్తే? థర్మామీటర్ పెట్టి చూశాను. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. నా ఆరోగ్యం ఎప్పుడూ ఇంతే, అక్కరకు రాదు.

డిసెంబరు 21, ఆదివారం. సెమీ క్రిస్మస్

అయిపోయింది! బతికే ఉన్నాను! అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, ఉండనీ.

మా మందిరం రెండో అంతస్తులో, కింద టైలరింగ్ షాపు. నిండా రంగుకాగితాలు, స్టార్లు. వెనక బిర్యానీ డేగిసాలు. తొమ్మిదింటికి టెంపో దిగింది. రాహేలమ్మగారు మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, లోపలికి వస్తూనే అమ్మాజీ ఆంటీని వాటేసుకుంది. "మాట్లాడవే తల్లీ, ఒక్క మాట!" ఆంటీ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని, నావైపు చూసింది.

పాస్టర్ గారు, "ఇప్పుడు సాక్ష్యం..." అనగానే నేను లేచి వెళ్లి మైకు పట్టుకున్నాను. ఎవరికీ అర్థం కాలేదు.

"ప్రియమైన దేవుని బిడ్డలారా..." అన్నాను. మైకు కనబడితే నా గొంతు ఊరుకోదు, జీర వచ్చేసింది, ఏడుపు సీను తన్నుకొచ్చింది. ముందు వరసలోంచి టక్ టక్.

మళ్లీ మొదలుపెట్టాను. "నేను ఘోర పాపిని..." టక్ టక్.

మూడోసారి నీళ్లు తాగాను. నా గొంతు ఎలా ఉంటుందో నాకే సరిగా తెలియదు. చిన్నదిగా, కొంచెం ముక్కుతో వచ్చింది.

"రాహేలమ్మగారూ, ఫోన్లో మాట్లాడింది మీ చెల్లెలు కాదండి. నేను. ఆవిడ పడుకుని ఉంటే ఆవిడ ఫోన్ ఎత్తి, ఆవిడ గొంతుతో మాట్లాడాను. నాకు బాగా వచ్చని చూపించుకోవాలనిపించింది, అంతే. అద్భుతం ఏమీ జరగలేదు. పోయిన ఆదివారం ఫోన్ ఆపేసింది కూడా నేనే. ఆవిడకి అప్పుడు ఇవేవీ తెలియవు. తప్పంతా నాదండి."

పలక తట్టలేదు.

పాస్టరమ్మగారు తల దించుకున్నారు. రాహేలమ్మగారు లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. కొడితే బాగుండేది.

"నా చెల్లెలి గొంతు ఒకసారి పోయింది, ఏడ్చి ఊరుకున్నాను. నీ వల్ల ఈ రోజు మళ్లీ పోయింది కదే" అంది.

మైకు కింద పెట్టేశాను.

అప్పుడు టకటకా పలక చప్పుడు. అమ్మాజీ ఆంటీ ఏదో గబగబా రాసి, మూల విరిగిన ఆ పలకని నాకేసి చాపింది. చదవమని సైగ. నేను చదివాను, నా గొంతుతోనే.

"అక్కా, దీన్ని తర్వాత తిట్టు. తిట్టడానికి నేనూ కలుస్తాను. ముందు నీ మోకాలు ఎలా ఉంది?"

రాహేలమ్మగారు నన్ను చూసింది, చెల్లెల్ని చూసింది. మళ్లీ నన్ను. "ఇది... ఇది తను రాసిందేనా?"

"ఔనండి. అక్షరం మార్చలేదు."

టక్, అని ఒక్క తట్టు.

రాహేలమ్మగారు బెంచీ మీద కూలబడి, అందరి ముందూ చీర కొంచెం పైకి లాగి, "ఇదిగో చూడవే, ఎంత వాచిందో, ఆ డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగితే కడుపులో మంట..." అని మొదలుపెట్టింది. పాపం, పాస్టర్ గారు అటు తిరిగి నిలబడ్డారు. మూడేళ్ల మాటలు! సాయి పెళ్లి, కొబ్బరితోట తగువు, ఎవరో మనోజ కొట్టేసిన ఇత్తడి బిందె. ఆంటీ రాస్తోంది, నేను చదువుతున్నాను, అక్క జవాబు చెబుతోంది. బలపం మూడుసార్లు విరిగింది. "ఈ పిల్లకి గొంతు ఉంది, బుద్ధి ఇప్పుడిప్పుడే వస్తోంది" అని రాసింది ఒకసారి. అదీ చదివాను, ఉన్నది ఉన్నట్టు. అప్పుడు మందిరమంతా నవ్వింది. పాస్టరమ్మగారు కూడా.

బిర్యానీ చల్లారిపోయింది. నా గొంతు బొంగురుపోయింది. ఎనిమిదేళ్లలో నాకింత పని ఎప్పుడూ దొరకలేదు!

డిసెంబరు 22

మౌళిగారికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. అరగంట తిట్టారు. కొత్త పలక కొన్నాను. ఆంటీ వద్దంది, పాతదే కావాలట.

డిసెంబరు 28, ఆదివారం

ఐదున్నరకే వెళ్లాను. ఫోన్ ఛార్జింగ్ రెండుసార్లు చూసుకున్నాను.

సరిగ్గా ఆరింటికి మోగింది. "హలో, ఎవరూ?" అంది రాహేలమ్మగారు. "నవతనండి. ఆంటీ పక్కనే ఉన్నారు, రాస్తున్నారు" అన్నాను. ఆవిడకి నా మీద ఇంకా కోపమే. "ఊఁ, చదువు. కాస్త మెల్లగా చదువు" అంది. చదివాను. మోకాలికి ఆవనూనె, సాయికి చీవాట్లు, పండగ రోజు కేకు గట్టిగా వచ్చిన సంగతి. అరగంట గడిచింది. ఇక ఫోన్ పెట్టేస్తుందనుకున్నప్పుడు ఆవిడ ఆగింది.

"అమ్మాయీ."

"చెప్పండి."

"నువ్వేనని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. అమ్మాజీ ఒప్పుకుంటేనే. ఒక్కసారి... దాని గొంతుతో నన్ను అక్కా అని పిలుస్తావా?"

ఫోన్ స్పీకర్ మీదే ఉంది. ఆంటీ విన్నది. నేను ఆవిడ మొహంలోకి చూడలేక పలకవైపు చూశాను. వేలు పలక మీద ఆనించి ఉంది. చాలాసేపు అలాగే ఉంది.

టక్.

రెండోది కూడా పడుతుందేమోనని చూశాను. పడలేదు. ఆ ఒక్కటే.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చిన్న గాలి వదిలి, అన్నాను. "అక్కా."

అవతల రాహేలమ్మగారు ఏడ్చింది, ఇవతల చప్పుడు లేకుండా ఈవిడ ఏడ్చింది, మధ్యలో నేను. కాసేపటికి ముగ్గురమూ నవ్వాం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

ఫోన్ పెట్టేశాక ఆంటీ బలపం తీసుకుంది. "ఇప్పుడు బాగుంది. వణకలేదు" అని రాసింది. అది తుడిచి, టీ పెట్టమంది.